అరటాకు మాటున ఇరువురి విందు

రాజమహేంద్రవరము వైపునుండి జాతీయ రహదారి వెంట వచ్చు బాటసారి జొన్నాడ దాటి, గౌతమి మీది వంతెన నెక్కి ఆవలి గట్టున దిగగానే, కోనసీమకు ముఖద్వారమని పేరుగాంచిన రావులపాలెము ఎదురగును. అక్కడ మొట్టమొదట కంటికి అగుపడునది అరటి. గెలలు దింపుచున్న బండ్లు, గెలల నెక్కించుకొనుచున్న లారీలు, కర్పూరము, చక్కెరకేళి, అమృతపాణి, బొంత యని జాతులవారీగా నేలమీద పరచిన పచ్చని రాసులు, వాని నడుమ బేరసారముల కోలాహలము చూచినవారికి ఆ ఊరి సంపద యంతయు పండులోనే కలదని తోచుట సహజము. కాని పండు పొరుగు రాష్ట్రములకు తరలిపోగా ఊరిలో నిలిచియుండు సంపద మరియొకటి కలదు, అది ఆకు. ఆ యాకునే పాత్రగా చేసికొని, గోదావరి సముద్రమున కలియు చోట వలకు చిక్కిన చేపను అందులో చుట్టి, ఓవెనులో ఇరువది నిమిషములుంచి, ఆ కొంతసేపును ఆలుమగలిరువురు ఎదురెదురుగా కూర్చుండి చల్లని పానీయమును సేవించు ఒక సాయంకాలపు విందును గూర్చి ఈ వారము ముచ్చటింపదలచితిమి.

ఇద్దరికి వండుట యనునది మన ప్రాంతపు వంటయింటికి క్రొత్త. మన పులుసులు, ఇగురులు, వేపుళ్లు అన్నియు పదిమంది పంక్తికి కొలతలు కుదిరినవి. పెద్ద మట్టిదాకలో, చాలినంత చేప, చాలినంత చింతపండు పడి, సన్నని సెగమీద చాలసేపు మ్రగ్గినప్పుడే పులుసునకు ఆ చిక్కదనము, ఆ రుచి లభించును. అదే పులుసును రెండు ముక్కలతో చిన్నగిన్నెలో చేయబోయినచో రసము చేప పక్వమగుటకు ముందే ఇగిరిపోవును, లేదా చేప చిదికిపోవునుగాని రసము కుదురుకొనదు. కాని నేడు కోనసీమలో ఏ వీధికి పోయినను, నాలుగు గదుల మండువా యింట ఇద్దరు వృద్ధదంపతులు మాత్రమే మిగిలియుండి, బిడ్డలు హైదరాబాదునందో, అమెరికానందో, గల్ఫు దేశములందో స్థిరపడియుండుట కానవచ్చుచున్నది. ఆ బిడ్డల ఇండ్లయందును ఇద్దరే. కావున ఇద్దరి కొలతకు సరిపోవు వంటకమును వెదకుకొనుట విలాసము కాదు. అది నేటి కుటుంబ జీవనమునకు కలిగిన అవసరము.

అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. చేపవేపుడు చేయు ఇల్లాలు పెనము దగ్గరనుండి కదలుటకు వీలులేదు. ఒక వాయి తీసి మరియొక వాయి వేయుచు, వేడివేడిగా భర్తకు వడ్డించుచు, తాను కూర్చుండునప్పటికి ఆయన భోజనము ముగిసియుండును. ఆమె కంచములోని ముక్క చల్లారియుండును. తరతరములుగా ఇది ఆచారమని చెల్లుబాటయినది గాని, దీనికి మూలమైనది ఆచారము మాత్రమే కాదు, ఆ పొయ్యి స్వభావము కూడ. వండువారిని తన కడ కట్టివేసికొను పొయ్యి యున్నంతకాలము కలిసి భుజించుట మాటవరుసకే మిగులును. ఓవెను విశిష్టత యంతయు ఇక్కడనే కలదు: ఒకసారి తలుపు వేసిన పిదప దానికి మనతో పనిలేదు. వండినవారు వచ్చి కూర్చుండవచ్చును. పాశ్చాత్యుల గృహములలో సాల్మన్ చేపను ఓవెనులో పెట్టి చేయు రాత్రిభోజనము అంతగా ప్రచారమందుటకు గల కారణములలో ఇదియే ప్రధానమైనదని నా దృఢవిశ్వాసము.

ఆ సాల్మన్‌ను మనవారు ఎరుగకపోలేదు. సియాటిల్ మొదలు డల్లాస్ వరకు తెలుగు కుటుంబములు అలవరచుకొన్న వారాంతపు వంటలలో అదియొకటి. ఎముకలు తీసిన ముక్కకు పసుపు, కారము, అల్లంవెల్లుల్లి ముద్ద, నిమ్మరసము పట్టించి, 200 డిగ్రీల వేడిమిగల ఓవెనులో పండ్రెండు మొదలు పదునైదు నిమిషములుంచి, అన్నములో పప్పుచారుతో నంజుకొను పద్ధతి వారిలో స్థిరపడినది. ఆ చేపయందు సహజముగా కొవ్వు మెండు. అందుచేత ఆవరణ మేమియు లేకుండ పొడివేడిలో పెట్టినను ఎండిపోదు. నార్వే దేశపు నీటి పెంపకములనుండి మంచులో పెట్టబడి విమానములమీద వచ్చు సాల్మన్ హైదరాబాదు దుకాణములలో లభించుచున్నది. కాని గౌతమికిని వసిష్ఠకును నడుమ నివసించువారు ఉత్తరధ్రువ ప్రాంతపు చేప కొరకు ఎదురుచూడవలసిన పనిలేదు.

మన నీటిలో సాల్మన్‌కు సాటివచ్చు చేప యేది యని ప్రశ్నించినచో రెండు సమాధానములు కలవు. నడవడిని బట్టి చూచిన పులస. సముద్రమున పెరిగి, తొలకరి వానలకు గోదావరి ఎర్రనీరు దిగగానే, జూలై మొదలు సెప్టెంబరు వరకు ప్రవాహమునకెదురీది, తీపినీటిలో గ్రుడ్లు పెట్టుటకై పైకి వచ్చు పులస ప్రయాణము సాల్మన్ ప్రయాణము వంటిదే. పసిఫిక్ సముద్రపు సాల్మన్ జాతులలో పెక్కు గ్రుడ్లు పెట్టిన పిమ్మట మరణించును. పులస మాత్రము మరల సాగరమునకు మరలిపోగలదు. 1852లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ధవళేశ్వరము కడ పూర్తియైన ఆనకట్ట ఈ డెల్టాను అన్నపూర్ణగా చేసినదే గాని, పులస యాత్రకు అచ్చటనే పొలిమేర గీచినది. పుస్తెలమ్మియైన పులస తినవలెనన్న సామెత తెలియని తెలుగువారుండరు. అయినను పులసను ఓవెనులో పెట్టవద్దని పాఠకులకు నిక్కచ్చిగా మనవి చేయుచున్నాను. దాని మాంసమునిండ వెంట్రుకలవంటి సన్నని ముండ్లు. అవి చింతపండు పులుపులో, మట్టిదాకలో, సన్నసెగమీద చాలసేపు మ్రగ్గిననే మెత్తబడును. బెండకాయలతో, పచ్చిమిర్చితో, పైన వెన్నముద్దతో వండిన ఆ పులుసు మరునాటికిగాని పరిపక్వము కాదు. వేల రూపాయల చేపను ఇరువది నిమిషములలో ముగించుట దానికి అపచారము.

రెండవది మాగ. ఆంగ్లేయులు ఈ దేశమునకు వచ్చినపుడు తీరమున దీనిని రుచి చూచి, స్వదేశపు చేపను తలచుకొని, దీనికి ఇండియన్ సాల్మన్ అని పేరు పెట్టుకొనిరి. వంశమును బట్టి సాల్మన్‌కును దీనికిని చుట్టరికము లేదు. అయినను ఈ చేపకు శాస్త్రలోకమున గల చరిత్ర తెలుగువారు గర్వింపదగినది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు, రక్తపింజరికి నేటికిని ఎవరి పేరు ఆంగ్లమున నిలిచియున్నదో ఆ రస్సెలే, అక్కడి జాలరులు తెచ్చిన రెండువందల మత్స్యములను చిత్రింపజేసి, వాని వర్ణనలతో 1803లో లండనులో ఒక గ్రంథమును ప్రకటించెను. అందులో చేపల పేర్లు మన జాలరుల నోట వినబడినవి వినబడినట్లుగా ఆంగ్లలిపిలో అచ్చయినవి. మాగయు వానిలో నున్నది. మరుసటి సంవత్సరము జార్జి షా అను జీవశాస్త్రజ్ఞుడు దానికి లాటిను నామకరణము చేసెను.

మాగను గుర్తించుట సులభము. ప్రక్కఱెక్కల క్రింద, విడిగా వ్రేలాడు దారములవంటి పోగులు ఒక్కొక వైపున నాలుగు ఉండును; బురదనీటిలో ఆహారమును తడవి తెలిసికొనుటకు అవి దానికి చేతివ్రేళ్లు. సముద్రపు అంచునను, నదీముఖములందును, ఉప్పునీరు తీపినీరు కలియు చోట్లను సంచరించును. ఈ జాతిలో చేపలు తొలుత మగవిగా జీవించి, పెరిగి పెద్దవైన పిదప ఆడువిగా మారునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ప్రకృతి విచిత్రములలో ఇదియొకటి. వంట చేయువారికి కావలసిన గుణము వేరు: మాంసము తెల్లన, ముండ్లు తక్కువ, ఉడికినప్పుడు పూరేకులవలె పొరలుపొరలుగా విడివడును. సాల్మన్‌తో పోల్చిన కొవ్వు మాత్రము తక్కువ. పొడివేడిలో బోసిగా పెట్టిన ఎండి పీచువలె అగును. ఈ ఒక్క లోపమును పూరించుటకే దానికి అరటాకు కావలెను.

తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు యంత్రపు పడవలతో సముద్రపు వేట నిషిద్ధము. ఆ దినములలో మాగ దొరకుట అరుదు. అప్పుడు చెరువులలో పెంచిన పండుగప్ప మంచి ప్రత్యామ్నాయము. దానికి కొవ్వు కొంచెమెక్కువ గనుక ఈ పద్ధతికి ఇంకను అనువైనది. ఒక విశేషము చెప్పక తప్పదు: సాల్మన్, పులస సముద్రము విడిచి నదిలోనికి వచ్చి గ్రుడ్లు పెట్టగా, పండుగప్ప నదులలో పెరిగి గ్రుడ్లు పెట్టుటకు ఉప్పునీటికి దిగును. ఒకే గోదావరిలో ఎదురెదురు ప్రయాణములు.

బజారులో చేప కొనునప్పుడు సిగ్గుపడరాదు. “పొద్దుటేల వచ్చిన సరుకండి, మొప్పలు చూస్కోండి బాబుగారూ” అని అమ్మునామె తానే చెప్పును, చూడవలెను. మొప్పలు ఎర్రగా తడియారకుండ నుండవలెను, కన్ను తేటగా ఉబ్బియుండవలెను, వ్రేలితో నొక్కిన గుంట వెంటనే పూడవలెను. కిలో పైచిలుకు తూగు చేపను తీసికొని, అక్కడనే పొలుసు తీయించి, నడిమి భాగమునుండి అంగుళము దళసరిగల ముక్కలు రెండు, ఒక్కొక్కటి సుమారు రెండువందల గ్రాములది, విడిగా కోయించుకొనవలెను. తలయు తోకయు వేరు పొట్లము కట్టించుకొనుడు.

ఇక ఆకు. పెరటిలో చెట్టున్నవారు గాలికి చినుగని లేత ముదురు నడిమి ఆకును ఎంచుకొని, ఈనెను కత్తితో పలుచగా చెక్కి, మంటకు జానెడెత్తున మెల్లగా ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పుచు వాడ్చవలెను. సెగ తగిలినచోట ఆకుపచ్చ ముదిరి నిగనిగలాడును. ఆ నిగారింపు ఆకంతయు ప్రాకిన పిదప అది గుడ్డవలె మడతకు లొంగును. వాడ్చని ఆకు మడచినచో పగిలి రసమంతయు కారిపోవును. ఇదేదో అల్పవిషయమని త్రోసివేయువారు ఈ వంటకము జోలికి పోకుండుటే మేలు. బొంబాయి పారశీకులు పెండ్లివిందులలో కొబ్బరిపచ్చడి పట్టించి చేయు పాత్రాని మచ్ఛీయు, వంగదేశీయులు ఆవపిండితో ఇలిస చేపకు చేయు పాతూరీయు, కేరళీయులు కరిమీనుతో చేయు పొల్లిచ్చదును ఈ అరటాకు మహిమమీదనే ఆధారపడినవి. ఆసియా ఖండపు అరటి సీమలన్నిటను తలయెత్తిన ఈ యుక్తి, అరటికి నిలయమైన రావులపాలెమున ఇంటింట ఆచరణలో లేకుండుట నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపుచుండును.

ఓవెను పరాయిదని కొందరు పెద్దలు సంకోచింతురు. పైనను క్రిందను నిప్పు పెట్టి, నడుమ వస్తువును దాని తడిలోనే పక్వము చేయుట మనకు పరాయిది కాదు. బొగ్గుల కుంపటిమీద దళసరి గిన్నెలో మినపపిండి పోసి, మూతమీద కూడ కణకణలాడు నిప్పులు పరచి కాల్చిన దిబ్బరొట్టె గోదావరి జిల్లాల సొత్తు. శీతకాలమున కుండలో తేగలు పేర్చి చుట్టును మంట వేసి కాల్చు తంపటియు అట్టిదే. ఓవెను ఈ రెంటి ధర్మమును ఒక పెట్టెలో బిగించి, వేడిమికి అంకె పెట్టినది. అంతకుమించిన రహస్యము అందులో లేదు.

చేపకు పూయవలసిన ముద్దను గూర్చి చెప్పెదను. గుప్పెడు కొత్తిమీర, మూడు పచ్చిమిరపకాయలు, అంగుళము అల్లము, ఐదు వెల్లుల్లి రెబ్బలు, నాలుగు చెంచాల పచ్చికొబ్బరి కోరు, అరచెంచా జీలకర్ర, చాలినంత ఉప్పు కలిపి రోటిలో మరీ మెత్తగా గాక నూరవలెను. పులుపునకు వేసవియైన పచ్చిమామిడి తురుము. చింతచిగురు దొరకు దినములైన చేతులతో నలిపి పుల్లలేరిన గుప్పెడు చింతచిగురు. ఇది గోదావరి వాసులు రొయ్యలకును చిరుచేపలకును కలుపు చిగురే; మాగతోడి దాని పొందికకు సాటిలేదు. ఏదియు లేనినాడు నిమ్మరసము చాలును. కడిగి తడియొత్తిన ముక్కలకు ముందుగా పసుపును ఉప్పును రాచి, పావుగంట ఆగి, ముద్దను రెండువైపులను దట్టముగా పట్టించి, పైన చెంచాడు పప్పునూనె వదలవలెను. నిమ్మరసము వాడినవారు గంటలకొలది నానబెట్టరాదు. పులుపు పచ్చిచేపను బిరుసెక్కించును. ఒక్కొక్క ముక్కను రెండుపొరల ఆకులో, జేబురుమాలు మడచినట్లు నాలుగువైపులను మడచి, నీటిలో నానిన అరటినారతో కట్టవలెను.

ప్రక్కన తినుటకు కోనసీమ తోటలలో కొబ్బరి నీడన పెరుగు కందను సూచించుచున్నాను. కందముక్కలను చింతపండు నీటిలో ఉప్పువేసి ముప్పాతికవరకు ఉడికించిన దురద విరిగిపోవును. తరువాత నూనె, మిరియాలపొడి, కరివేపాకు కలిపి, చేపకంటె పావుగంట ముందే ఓవెనులో పెట్టిన అంచులు ఎర్రబారి కరకరలాడును. ఓవెను 200 డిగ్రీలకు వచ్చిన పిదప చేపపొట్లములను పళ్లెములో పెట్టి లోపల ఉంచుడు. అంగుళము దళసరి ముక్కకు ఆకు ఆవరణముతో పదునెనిమిది మొదలు ఇరువది నిమిషములు. ఓవెను లేనివారు దళసరి ఇనుపమూకుడులో పొట్లములుంచి, మూతవేసి, సన్నమంటమీద ఒకసారి మాత్రము తిరుగవేయుచు అంతే సేపు కాల్చవచ్చును.

తలుపు వేసిరి గదా, ఇప్పుడు పానీయము. అనేక ద్రవములను కలిపి చిలికి త్రాగు పద్ధతిని పాశ్చాత్యులు కాక్‌టెయిల్ అని పిలుచుకొనిరి. బెల్లము, మిరియాలు, ఏలకులు నీటిలో మేళవించి శ్రీరామనవమినాడు ఊరూర పంచిపెట్టు పానకమును త్రాగి పెరిగిన మనకు మేళనవిద్య బోధింపనక్కరలేదు. లేత బొండములు రెండు అప్పటికప్పుడు కొట్టించుడు. బొండపు నీరు గాలి తగిలినకొలది కమ్మదనము కోలుపోవును. ఆ నీటిలో రెండు చెంచాల నిమ్మరసము, ఒక చెంచా అల్లపురసము, రెండు చెంచాల తాటిబెల్లపు పాకము, చిటికెడు ఉప్పు వేసి, మంచుముక్కలతో సహా మరచెంబులో పోసి మర బిగించి బాగుగా గిలకరింపవలెను. పూర్వము రైలుప్రయాణములలో మంచినీటికై వెంటనుండిన మరచెంబు చాల ఇండ్లలో అటకమీద నిరుపయోగముగా పడియున్నది. నీరు చుక్కయైన కారనీయని దాని మరకు ఇంతకంటె తగిన కొలువు నాకు తోచలేదు. రెండు గాజుగ్లాసులలో వడియగట్టి పోసి, లేత కొబ్బరిని సన్నగా చీల్చి పైన వేసిన పానీయము సిద్ధము. విదేశములందలి మనవారు కొందరు ఇందులో ఒక కొలత రమ్ము చేర్చుదురు. నా అభిప్రాయమున అది బొండపు నీటి సున్నితమైన సువాసనను మ్రింగివేయును; వెనుక రానున్న చేప రుచిని కూడ మొద్దుబార్చును. ఇక తాటికల్లు వేకువను తియ్యగానుండినను సాయంత్రమునకు పులిసి ఘాటెక్కును గనుక ఈ విందునకు పొసగదు.

ఓవెను పని చేయుచున్న ఈ ఇరువది నిమిషములకొరకే ఇంత ప్రయాస. “ఏమండీ, ఒకసారి చూచి వచ్చెదను” అని ఇల్లాలు లేవబోవును. అలవాటు అంత సులభముగా వదలదు. లేవనీయవద్దు. ఓవెను గంట తానే మ్రోగును. అరుగుమీదనో, వాలుకుర్చీలలోనో, ఎక్కడ వీలైన అక్కడ కూర్చుండి, ఆనాటి మాటలన్నియు ఆ గ్లాసులు ఖాళీయగువరకు చెప్పుకొనవలెను. పదిమంది సంసారమున ముప్పది నలువది సంవత్సరములు జీవించిన దంపతులకు తమకు మాత్రమే చెందిన ఇంతసేపు ఎన్నడును దొరికియుండదు. బిడ్డలు దూరమైన ఇంట మౌనము బరువుగా నుండునని అందరును చెప్పుదురు. ఆ బరువును భోజనమొక్కటియే తొలగింపగలదని నేననను. కాని ఇద్దరును ఒకే క్షణమున కూర్చుండి, ఒకే వేడిమీద తినుటకు వీలుకల్పించు వంటకము ఆ యింట ప్రవేశించుట నిజమైన మేలు.

గంట మ్రోగిన పిదప పొట్లములను వెంటనే విప్పక, మూడు నిమిషములు ఊరకుండనిండు. లోపలి ఆవిరి రసముగా మారి మరల ముక్కలోనికి ఇంకును. ఎవరి పొట్లము వారి కంచములో పెట్టుకొని, ఎవరి నార వారే త్రెంపుకొనవలెను. వడ్డన అను పనియే లేదు. ఆకు పైపొర అక్కడక్కడ మాడి గోధుమరంగు తిరిగియుండును. లోపలిపొర పచ్చగానే యుండి, విప్పగానే చింతచిగురు, కొబ్బరి, కాలిన ఆకు కలిసిన వాసన గుప్పుమనును. ముక్క నడుమ వ్రేలితో తాకిన పొరలు విడివడి, ముత్యపు తెలుపు కనబడిన పాకము సరిపోయినట్లు. ఇంకను గాజువలె పారదర్శకముగా నున్నచో మరల మడచి మూడు నిమిషములు లోపల పెట్టవచ్చును. ఆకులో నిలిచిన రసమును వ్యర్థము చేయక వేడియన్నములో కలుపుకొనవలెను. నా మటుకు నాకు ముక్కకంటె ఆ కలిపిన అన్నమే ఎక్కువ ప్రీతి.

తలయు తోకయు వేరుగా కట్టించిన పొట్లమును మరువరాదు. భోజనానంతరము దాకలో ఉల్లిపాయ వేయించి, చింతపండు పులుసు పోసి, అవి అందులో విడిచి, సన్నసెగమీద అరగంట మ్రగ్గనిచ్చి, దించి మూతపెట్టి ఉంచినచో మరునాటి మధ్యాహ్నమునకు ఇద్దరికి సరిపోవు పులుసు ఇంటనే యుండును. తల రసములో పడుటచేత దానికి రెండు ముక్కల పులుసునకు రాని చిక్కదనము వచ్చును.